గేదె పాలలో కాల్షియం: టైట్రేషన్‌కీ ఏఏఎస్‌కీ ఇంత తేడా ఎందుకు వస్తోంది?

సిరి_ఎమ్మెస్సీ

అందరికీ నమస్కారం. నేను ఎమ్మెస్సీ ఎనలిటికల్ ఫైనల్ ఇయర్. ప్రాజెక్టు గేదె పాలలో ఖనిజాల మీద. 5 మి.లీ. పాలు క్రూసిబుల్‌లో ఆరబెట్టి, మఫిల్ ఫర్నేస్‌లో 500 డిగ్రీల దగ్గర తెల్లటి బూడిద అయ్యేదాకా ఉంచి, ఆ బూడిదని పలచటి హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో కరిగించి 100 మి.లీ. చేశాను. అందులోంచి మళ్ళీ 1కి 25 పలచన చేసి ఏఏఎస్‌కి (పరమాణువులు ఎంత కాంతిని తాగాయో కొలిచే అటామిక్ అబ్సార్ప్షన్ స్పెక్ట్రోమీటర్) పెట్టాను. ఎయిర్-ఎసిటిలీన్ మంట, 422.7 నానోమీటర్లు, కాల్షియం కార్బొనేట్‌తో చేసిన 1 నుంచి 5 పీపీఎం స్టాండర్డ్స్. క్యాలిబ్రేషన్ గీత చక్కగా తిన్నగా వచ్చింది.

శాంపిల్ మాత్రం 2.2 పీపీఎం చూపిస్తోంది. లెక్క కడితే లీటరు పాలకి 1100 మి.గ్రా. అదే బూడిద ద్రావణాన్ని కాల్షియంని పట్టుకునే ఈడీటీఏతో టైట్రేట్ చేస్తే 1700 వస్తోంది. మళ్ళీ చేసినా అంతే. ల్యాబ్‌లో అందరూ "మెషిన్ చెప్పిందే రాసుకో, బ్యూరెట్ కంటే అదే నయం" అంటున్నారు. నాకు మనసొప్పడం లేదు. ఏది నమ్మాలి?

ఇంకో సందేహం కూడా. కింద ల్యాబ్‌లో ఉన్న యూవీ స్పెక్ట్రోఫోటోమీటర్‌లో రెండే ల్యాంపులు, వాటితోనే అన్నీ చేసేస్తాం. ఏఏఎస్‌కి మాత్రం కాల్షియంకి ఒకటి, జింక్‌కి ఒకటి, ఐరన్‌కి ఒకటి, డబ్బా నిండా ల్యాంపులే. ఎందుకలా? పుస్తకంలో "సెలెక్టివిటీ కోసం" అని ఒక్క ముక్క రాసి వదిలేశారు.

సాయిల్‌ల్యాబ్_ప్రసాద్

సిరిగారూ, పాలు అన్నారు, తక్కువ వస్తోంది అన్నారు, ఎయిర్-ఎసిటిలీన్ అన్నారు. ఫాస్ఫేట్. ఇంకేం వెతకక్కర్లేదు.

మంటలో ఏం జరుగుతుందో ఒక్కసారి వరసగా ఊహించుకోండి. నెబ్యులైజర్ ద్రావణాన్ని పొగమంచులా చేస్తుంది. అందులో నూటికి అయిదు నుంచి పది వంతులే మంట దాకా వెళ్తాయి, మిగతాదంతా స్ప్రే చాంబర్ గోడలకి తగిలి డ్రెయిన్‌లోకి పోతుంది. మంటలోకి వెళ్ళిన తుంపర ముందు ఆరిపోతుంది, చిన్న ఉప్పు రేణువు మిగులుతుంది. ఆ రేణువు కరిగి, ఆవిరై, అణువులు విడిపోయి, చివరికి ఒంటరి కాల్షియం పరమాణువు బయటికి రావాలి. మీ స్టాండర్డ్‌లో కార్బొనేట్ ఆసిడ్‌లో కరిగి కాల్షియం క్లోరైడ్ అయి ఉంటుంది, అది సులువుగా విడిపోతుంది. పాల బూడిదలో కాల్షియంతో పాటు బోలెడంత ఫాస్ఫేట్ ఉంది. తుంపర ఆరేటప్పుడు రెండూ కలిసి కాల్షియం ఫాస్ఫేట్ అవుతాయి. అది సుమారు 2300 డిగ్రీల మంటలో ఉండే ఆ కొన్ని మిల్లీసెకన్లలో పూర్తిగా విడిపోదు. విడిపోని కాల్షియం 422.7ని తాగదు. మెషిన్ లెక్కపెట్టేది మీ ద్రావణంలో ఉన్న కాల్షియంని కాదు, ఆ క్షణాన మంటలో ఒంటరిగా తిరుగుతున్న కాల్షియం పరమాణువుల్ని మాత్రమే.

ఇది నిజమో కాదో చూడాలంటే ఒక పరీక్ష ఉంది. బర్నర్ ఎత్తు మార్చుతూ స్టాండర్డ్, శాంపిల్ రెండూ చూడండి. కాంతి మంటలో పై భాగం గుండా పోయేకొద్దీ రేణువుకి విడిపోయే సమయం ఎక్కువ దొరుకుతుంది కాబట్టి రెండింటి నిష్పత్తి మారిపోతుంది. ఫాస్ఫేట్ బెడద లేకపోతే రెండూ దాదాపు ఒకే తీరున పెరుగుతాయి, తగ్గుతాయి.

మందు: లాంథానం అనే లోహపు లవణం. చివరి ద్రావణంలో 1 శాతం ఉండేలా కలపండి. లాంథానం ఫాస్ఫేట్‌ని తన వైపు లాక్కుంటుంది, కాల్షియం బయటపడుతుంది. బ్లాంక్‌లోనూ (శాంపిల్ లేని ఖాళీ ద్రావణం), ప్రతి స్టాండర్డ్‌లోనూ అంతే మోతాదు ఉండాలి. శాంపిల్‌కి మాత్రమే కలిపితే ఇంకో తప్పుడు అంకె వస్తుంది.

క్యూసీ_వేణు

ప్రసాదన్నా, ఒక్క నిమిషం. ఈడీటీఏ అంకె మాత్రం కచ్చితమని ఎలా అనుకుంటాం? సిరీ, ఇండికేటర్ ఏం వాడావు? ఎరియోక్రోమ్ బ్లాక్-టీతో పీహెచ్ 10 దగ్గర చేస్తే మెగ్నీషియం కూడా కలిసి వస్తుంది. పాలలో మెగ్నీషియం తక్కువేం కాదు. పైగా పీహెచ్ పెంచగానే కాల్షియం ఫాస్ఫేట్ ఫ్లాస్క్‌లోనే తెల్లగా విరిగి కూర్చునే ప్రమాదం ఉంది. ఫాస్ఫేట్ అక్కడా వదలదు.

సిరి_ఎమ్మెస్సీ

వేణుగారూ, ప్యాటన్-రీడర్ వాడాను, పీహెచ్ 12 దాటించాను. ముందే ఈడీటీఏ ఎక్కువ పోసి, ఆ తర్వాత క్షారం కలిపి, మిగిలిన ఈడీటీఏని కాల్షియం ద్రావణంతో బ్యాక్ టైట్రేషన్ చేశాను. ద్రావణం ఎక్కడా తెల్లబడలేదు.

క్యూసీ_వేణు

అయితే నీ టైట్రేషన్ గట్టిది. ఆ పీహెచ్‌లో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ అయి పక్కకి తప్పుకుంటుంది. ప్రసాదన్న చెప్పినట్టే చెయ్.

పాత_మాష్టారు

అమ్మా సిరీ, నీ రెండో ప్రశ్న నాకు చాలా నచ్చింది. చాలామంది ఏఏఎస్ ఏళ్ళ తరబడి నడిపి కూడా ఇది అడగరు. మొత్తం పరికరం ఆకారమంతా ఈ ఒక్క ప్రశ్నకి జవాబుగానే పుట్టింది కాబట్టి కొంచెం తీరిగ్గా చెబుతాను.

ద్రావణంలో ఉన్న అణువులు కాంతిని తాగేటప్పుడు పదుల నానోమీటర్ల వెడల్పున తాగుతాయి. పర్మాంగనేట్ స్పెక్ట్రమ్ గీశావు కదా, కొండలా ఉంటుంది. ఎలక్ట్రాన్ మెట్ల మీద కంపనాల మెట్లు, భ్రమణాల మెట్లు అన్నీ పేరుకుని, చుట్టూ ఉన్న ద్రావణి వాటిని చెరిపేసి, చివరికి వెడల్పాటి పట్టీ అవుతుంది. ఒంటరి పరమాణువుకి కంపించడానికి బంధమే లేదు. ఎలక్ట్రాన్ ఒక మెట్టు నుంచి ఇంకో మెట్టుకి ఎక్కడం ఒక్కటే. అందుకని అది తాగే గీత సన్నగా ఉంటుంది. మంటలో వేడికి పరమాణువులు అటూ ఇటూ పరుగెత్తడం వల్ల, మిగతా వాటిని ఢీకొట్టడం వల్ల కాస్త వెడల్పవుతుంది. అయినా 0.005 నానోమీటర్ల పరిధిలోనే ఉంటుంది.

ఇప్పుడు మామూలు ల్యాంపు పెట్టావనుకో. మోనోక్రోమేటర్ స్లిట్ దాటి వచ్చే కాంతి పట్టీ వెడల్పు 0.5 నానోమీటర్లు అనుకుందాం. అందులో పరమాణువు తాగగలిగేది 0.005 మాత్రమే, అంటే నూటికి ఒక వంతు. మంటలో కాల్షియం కిక్కిరిసిపోయి ఆ ఒక్క వంతునీ పూర్తిగా మింగేసినా, డిటెక్టర్‌కి 99 వంతులు చేరుతూనే ఉంటాయి. అబ్సార్బెన్స్ 0.0044 దాటదు. ఇంతకీ ఏఏఎస్‌లో క్యారెక్టరిస్టిక్ కాన్సెంట్రేషన్ అని దేన్నంటామో గుర్తుందా? సరిగ్గా ఈ 1 శాతం శోషణ ఇచ్చే గాఢతనే. మామూలు ల్యాంపుతో ఆకాశమంత కాల్షియం పోసినా ఆ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతావు.

ఆస్ట్రేలియాలో సీఎస్ఐఆర్ఓ అనే ప్రభుత్వ పరిశోధన సంస్థలో ఉన్న అలన్ వాల్ష్ 1955లో ప్రచురించిన పేపర్‌లో ఈ చిక్కుముడి విప్పాడు. సన్నటి గీతని కొలవడానికి అంత సన్నటి స్లిట్ చెయ్యలేకపోతే, కాంతినే అంత సన్నగా పుట్టిద్దాం అన్నాడు. కాల్షియం తాగే గీతని ఇంకా సన్నగా ఎవరు ఇవ్వగలరు? కాల్షియమే. హాలో కాథోడ్ ల్యాంపులో చిన్న గిన్నెలాంటి కాథోడ్ ఆ లోహంతోనే చేస్తారు, లోపల తక్కువ పీడనంలో నియాన్ లేదా ఆర్గాన్ నింపుతారు. వోల్టేజి ఇస్తే వాయు అయాన్లు వెళ్ళి కాథోడ్‌ని కొడతాయి, లోహపు పరమాణువులు ఊడి పైకి లేచి, ఉత్తేజితమై, తమ గీతల్ని వెలిగిస్తాయి. అక్కడ పీడనం తక్కువ, మంటంత వేడీ లేదు. అందుకే ల్యాంపు గీత మంటలోని శోషణ గీత కంటే సన్నగా ఉండి, దాని నడిమధ్యలో పడుతుంది. ఇక మోనోక్రోమేటర్ చేయాల్సిందల్లా పక్కనున్న నియాన్ గీతల్ని, అదే లోహం ఇచ్చే మిగతా గీతల్ని ఆపడమే. అంత పెద్ద యంత్రంలో మోనోక్రోమేటర్ పని అంత తేలిక అయిపోయింది చూడు, నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

ఇంకోటి. మంట కూడా వెలుగుతుంది కదా. నీ కాల్షియమే మంటలో నారింజ ఎరుపులో వెలుగుతుంది, సరిగ్గా అదే 422.7 దగ్గర కూడా. దాన్ని ల్యాంపు కాంతి అనుకుంటే లెక్క తప్పుతుంది. అందుకని ల్యాంపుని ఆపి ఆపి వెలిగిస్తారు, లేదా ముందు చాపర్ తిప్పుతారు. ఆ లయలో వచ్చే సిగ్నల్‌ని మాత్రమే ఎలక్ట్రానిక్స్ తీసుకుంటుంది. మంట వెలుగు ఆగకుండా వస్తుంది కాబట్టి పక్కకి పోతుంది.

స్పెక్ట్రో_చైతన్య

మాష్టారు చెప్పినదానికి చిన్న చేర్పు. 2004లో జర్మనీ కంపెనీ ఎనలిటిక్ యేనా ఒకే జెనాన్ ఆర్క్ ల్యాంపుతో నడిచే ఏఏఎస్ మార్కెట్‌లోకి తెచ్చింది. అంటే సన్నటి స్లిట్ చెయ్యలేం అన్న మాట ఇప్పుడు పూర్తిగా నిలవదు. ప్రిజం, ఎషెల్ గ్రేటింగ్ కలిపిన డబుల్ మోనోక్రోమేటర్‌తో పికోమీటర్ల స్థాయిలో విడదీస్తారు, సీసీడీ సెన్సర్ మీద గీత చుట్టుపక్కల కూడా ఏముందో కనిపిస్తుంది. కాకపోతే ధర చూస్తే మన కాలేజీలకి ల్యాంపుల డబ్బాయే గతి.

పాత_మాష్టారు

నిజమే చైతన్యా. వాల్ష్ కాలంలో సీసీడీలు లేవు. ఉన్నవాటితో దారి వెతికాడు.

సిరి_ఎమ్మెస్సీ

మాష్టారూ, ఆ 99 శాతం లెక్కతో ఒక్కసారిగా అర్థమైపోయింది, చాలా థాంక్స్. మరి ఫ్లేమ్ ఫోటోమీటర్‌లో సోడియం, పొటాషియం అసలు ల్యాంపే లేకుండా చేస్తాం కదా. కాల్షియం మంటలో వెలుగుతుందంటున్నారు. జింక్‌ని అలా ఎందుకు చెయ్యం?

క్యూసీ_వేణు

బోల్ట్‌జ్‌మన్ సూత్రంలో అంకెలు వేసి చూడు. సోడియం 589 గీతకి కావలసిన శక్తి 2.1 ఎలక్ట్రాన్ వోల్టులు. 2500 కెల్విన్ దగ్గర పదివేల పరమాణువులకి ఒకటి పై మెట్టు మీద ఉంటుంది. జింక్ 213.9 గీతకి 5.8 ఎలక్ట్రాన్ వోల్టులు కావాలి. 3000 కెల్విన్ దగ్గర కూడా వెయ్యి కోట్లకి ఏ అయిదో ఆరో పరమాణువులు పైకెక్కుతాయి. అంత కొద్దిమంది ఇచ్చే వెలుగుని ఎలా కొలుస్తాం? కింద మెట్టు మీద మాత్రం అందరూ ఉన్నారు. ల్యాంపు వేస్తే అందరూ తాగడానికి సిద్ధమే. అందుకే జింక్‌కి శోషణ, సోడియం, పొటాషియంలకి ఉద్గారం అయినా చాలు.

జింక్‌నీ వెలిగించి కొలవాలంటే వేడి పెంచాలి. అదే ఐసీపీ (ఇండక్టివ్లీ కపుల్డ్ ప్లాస్మా). క్వార్ట్‌జ్ టార్చ్‌లో ఆర్గాన్, చుట్టూ రాగి కాయిల్, 27 లేదా 40 మెగాహెర్ట్‌జ్ రేడియో పౌనఃపున్యం, 6000 నుంచి 10000 కెల్విన్ దాకా ప్లాస్మా. 1964, 65లలో ఇంగ్లాండ్‌లో గ్రీన్‌ఫీల్డ్, అమెరికాలో ఫాసెల్ విడివిడిగా విశ్లేషణకి వాడారు. అంత వేడిలో కాల్షియం ఫాస్ఫేట్ లాంటివి నిలవవు, డజన్ల కొద్దీ మూలకాలు ఒకేసారి కనిపిస్తాయి. కాకపోతే ఆర్గాన్ నిమిషానికి 15 లీటర్ల దాకా తాగుతుంది.

మా హైదరాబాద్ ఫార్మా ల్యాబుల్లో ఇప్పుడు అంతా ఇదే. 2018 జనవరి నుంచి అమెరికా ఫార్మకోపియా పాత హెవీ మెటల్స్ పరీక్షని తీసేసింది. సల్ఫైడ్ వేసి రంగు చూసి పోల్చే పరీక్ష అది. మందుల ప్రమాణాల అంతర్జాతీయ సంస్థ ఐసీహెచ్ ఇచ్చిన క్యూ3డీ మార్గదర్శకం ప్రకారం నోటి ద్వారా వేసుకునే మందులో కాడ్మియం, సీసం రోజుకి 5 మైక్రోగ్రాముల చొప్పున, ఆర్సెనిక్ 15, పాదరసం 30 దాటకూడదు. ఏ లోహం ఎంతో విడివిడిగా చెప్పాలి. రంగు చూసి చెప్పే రోజులు పోయాయి.

గుంటూరు_రవి

సోడియం గీత మాట వచ్చింది కాబట్టి మా ఊరి సంగతి చెప్పకుండా ఉండలేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం. ఫ్రాన్స్ నుంచి జాన్సెన్ స్పెక్ట్రోస్కోప్ పట్టుకుని గుంటూరు వచ్చి చూశాడు. సూర్యుడి అంచున ఎగిసే జ్వాలల్లో మెరిసే గీతలు కనిపించాయి. ఎంత ప్రకాశంగా ఉన్నాయంటే గ్రహణం లేకపోయినా వీటిని చూడొచ్చని అక్కడికక్కడే అనుకుని, మర్నాడు పొద్దున్నే చూసేశాడు కూడా. మచిలీపట్నంలో మద్రాసు అబ్జర్వేటరీ పోగ్సన్ అదే గ్రహణాన్ని చూశాడు. హీలియం పుట్టిల్లు గుంటూరే అని మేం గర్వంగా చెప్పుకుంటాం.

పాత_మాష్టారు

గర్వపడాల్సిందే రవీ, కానీ పిల్లలు చదువుతున్నారు కాబట్టి వివరంగా చెప్పుకుందాం. ఆ మెరిసే గీతల్లో ఒక పసుపు గీత ఉంది, అది సోడియం డి గీతల పక్కనే ఉండటంతో చాలామంది సోడియమే అనుకున్నారు. సోడియంవి 589.0, 589.6. ఇది 587.6. మధ్యలో దూరం ఒకటిన్నర నానోమీటరు కూడా లేదు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లాండ్‌లో లాకియర్ గ్రహణం లేకుండానే ఆ గీతని చూసి, ఇది సోడియంది కాదని నిలబడ్డాడు. భూమ్మీద ఆ గీతనిచ్చే వాయువుని, అంటే హీలియంని, రామ్సే 1895లో క్లెవియైట్ ఖనిజంలోంచి రాబట్టాకే అందరూ ఒప్పుకున్నారు. ఇవేవీ 1859లో హైడెల్‌బర్గ్‌లో కిర్కాఫ్ చెప్పిన మాట లేకపోతే నడిచేవి కావు. ఏ పరమాణువు ఏ గీతని వెలిగిస్తుందో ఆ గీతనే తాగుతుంది అన్నాడు. సిరి ల్యాంపు పనిచేసేదీ ఆ సూత్రం మీదే.

నీళ్ళపరీక్ష_లత

మంచి చర్చ. నాది నీళ్ళ పరీక్షల ల్యాబ్. బోరు నీళ్ళలో సీసం అడుగుతున్నారు. తాగునీటికి భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకి 0.01 మి.గ్రా. దాటకూడదు. మా దగ్గర మంటతో నడిచే ఫ్లేమ్ ఏఏఎస్ ఒక్కటే ఉంది. రీడింగ్ 0.00, 0.01, మళ్ళీ 0.00 అని ఊగుతోంది. "సీసం లేదు" అని రాయొచ్చా?

సాయిల్‌ల్యాబ్_ప్రసాద్

రాయకండి మేడం. ఫ్లేమ్‌లో సీసానికి డిటెక్షన్ లిమిట్టే సుమారు 0.01 దగ్గర ఉంటుంది. పరిమితీ, మెషిన్ చూపు ఆగిపోయే చోటూ ఒకటే అయినప్పుడు అది చెప్పే సున్నాకి అర్థం లేదు. గ్రాఫైట్ ఫర్నేస్ కావాలి, లేదా ఐసీపీ-ఎంఎస్ (ప్లాస్మాకి, ద్రవ్యరాశిని బట్టి లెక్కపెట్టే మాస్ స్పెక్ట్రోమీటర్ జోడించినది) ఉన్న చోటికి పంపాలి.

ఫర్నేస్‌లో 20 మైక్రోలీటర్ల చుక్క ఒక చిన్న గ్రాఫైట్ గొట్టంలో పెడతారు. ముందు 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టడం, తర్వాత ఎనిమిది వందల లోపు కాల్చి చెత్త పోగొట్టడం, తర్వాత ఒక్కసారిగా 1800-2000కి లేపి పరమాణువులు చెయ్యడం, చివర్లో ఇంకా వేడి పెంచి గొట్టం శుభ్రం చెయ్యడం. ఫ్లేమ్‌లో శాంపిల్‌లో ఎక్కువ భాగం డ్రెయిన్ పాలవుతుంది, మిగిలింది కూడా మంట గుండా ఇట్టే దాటిపోతుంది. ఇక్కడ చుక్క మొత్తం గొట్టంలోనే ఉండి ఆవిరవుతుంది కాబట్టి సున్నితత్వం వందల రెట్లు పెరుగుతుంది. సీసం తొందరగా ఆవిరై పోకుండా అమ్మోనియం డైహైడ్రోజన్ ఫాస్ఫేట్, మెగ్నీషియం నైట్రేట్ కలుపుతాం. సిరిగారికి అక్కడ శత్రువైన ఫాస్ఫేటే ఇక్కడ సాయం చేస్తుంది.

పొగ, ఉప్పు వల్ల వచ్చే బ్యాక్‌గ్రౌండ్ తీసేయడానికి డ్యుటీరియం ల్యాంపో, జీమన్ అయస్కాంతమో తప్పనిసరి. 283.3 గీత వాడండి. 217.0 దగ్గర సున్నితత్వం ఎక్కువే కానీ నాయిస్ కూడా ఎక్కువ.

నీళ్ళపరీక్ష_లత

బాటిళ్ళ సంగతి?

సాయిల్‌ల్యాబ్_ప్రసాద్

ప్లాస్టిక్ బాటిళ్ళు పలచటి నైట్రిక్ ఆసిడ్‌లో రాత్రంతా నానబెట్టి, మంచి నీళ్ళతో కడిగి వాడండి. బోరు దగ్గరే నైట్రిక్ కలిపి పీహెచ్ 2 లోపు తెచ్చేయండి, లేకపోతే సీసం బాటిల్ గోడకి అంటుకుపోతుంది. ఖాళీ బాటిల్‌లో శుద్ధమైన నీళ్ళు పోసి, దాన్ని కూడా ఫీల్డ్‌కి తీసుకెళ్ళి తెచ్చి, అన్నిటితో పాటు నడపండి. 2020 డిసెంబరులో ఏలూరులో జనం కళ్ళు తిరిగి పడిపోతున్నప్పుడు ఎయిమ్స్ మొదటి రిపోర్టులో రక్తంలో సీసం, నికెల్ అని వచ్చింది, తర్వాత అనుమానం పురుగుమందుల వైపు మళ్ళింది. ఊరంతా టెన్షన్‌లో ఉన్నప్పుడు మన అంకె మీద ఎంత బరువు పడుతుందో చూడండి. బ్లాంక్ లేకుండా అలాంటి అంకె బయటికి ఇవ్వకూడదు.

స్పెక్ట్రో_చైతన్య

ఇంత తిప్పలెందుకు, అందరూ ఐసీపీ-ఎంఎస్‌కి మారిపోతే గొడవ వదులుతుంది కదా. లాంథానం లేదు, ల్యాంపులు లేవు, గొట్టాలు లేవు.

క్యూసీ_వేణు

గొడవ వదలదు, రూపు మారుతుంది. ఆర్సెనిక్ ద్రవ్యరాశి 75. ఆర్గాన్ 40, క్లోరిన్ 35 కలిస్తే అదీ 75. సిరి శాంపిల్ లాగా హైడ్రోక్లోరిక్ ఆసిడ్‌లో ఉంటే లేని ఆర్సెనిక్ ఉన్నట్టు కనిపిస్తుంది. ఆర్గాన్, ఆక్సిజన్ కలిసి 56 దగ్గర ఐరన్ మీద కూర్చుంటాయి. హీలియం పోసి కొలిజన్ సెల్ నడపాలి. ఉప్పు ఎక్కువైతే ప్లాస్మా నుంచి అయాన్లు లోపలికి వెళ్ళే సన్న రంధ్రాల కోన్లు మూసుకుపోతాయి. పాలలో కాల్షియంకి అది అక్కర్లేనే లేదు. లీటరుకి వెయ్యికి పైగా మిల్లీగ్రాములున్న దాన్ని వందల రెట్లు పలచన చేసి ఫ్లేమ్‌లో పెడితే నిమిషంలో అయిపోతుంది, కాకపోతే రసాయనం తెలిసి చెయ్యాలి.

సిరి_ఎమ్మెస్సీ

లాంథానం తెప్పించి చేశాను. శాంపిల్ 3.4 పీపీఎం! లెక్క కడితే సరిగ్గా 1700. బర్నర్ పరీక్ష కూడా చేశాను. లాంథానం లేకుండా ఎత్తు మారుస్తుంటే శాంపిల్-స్టాండర్డ్ నిష్పత్తి కళ్ళ ముందే మారిపోయింది, లాంథానం వేశాక దాదాపు కదల్లేదు. స్పైక్ కూడా పెట్టాను, అంటే శాంపిల్‌కి తెలిసినంత కాల్షియం కలిపి చూశాను. లాంథానం లేనప్పుడు కలిపిన కాల్షియం కూడా పూర్తిగా తిరిగి రాలేదు, వేశాక వచ్చింది.

ఒక్క సందేహం. లాంథానం కలిపిన బ్లాంక్ మామూలు బ్లాంక్ కంటే ఎక్కువ చూపిస్తోంది. ఇంకా, నైట్రస్ ఆక్సైడ్ మంటలో కూడా చేసి పోల్చమని గైడ్ అంటున్నారు. మా దగ్గర సిలిండర్ ఉంది కానీ ఎవరూ వెలిగించరు, భయం.

సాయిల్‌ల్యాబ్_ప్రసాద్

శభాష్ సిరిగారూ. బ్లాంక్ పెరిగింది ఎందుకంటే లాంథానం ఆక్సైడ్‌లోనే కాస్త కాల్షియం ఉంటుంది. ఏఏఎస్ గ్రేడ్ కొనండి. ఒకే బాటిల్‌తో బ్లాంక్, స్టాండర్డ్స్, శాంపిల్స్ అన్నీ చేస్తే ఆ తేడా కొట్టుకుపోతుంది. 5 శాతం స్టాక్ మీరే చేసుకోవాలంటే 58.65 గ్రాముల ఆక్సైడ్‌ని ముందు నీళ్ళతో తడిపి, 250 మి.లీ. గాఢ హైడ్రోక్లోరిక్ ఆసిడ్ మెల్లమెల్లగా, ఫ్యూమ్ హుడ్‌లో కలిపి లీటరు చెయ్యండి. బాగా వేడెక్కుతుంది, తొందరపడొద్దు.

నైట్రస్ మంట గురించి జాగ్రత్తగా చదవండి. బర్నర్ మార్చాలి. 10 సెంటీమీటర్ల చీలిక ఉన్నది ఎయిర్‌కి, 5 సెంటీమీటర్లది నైట్రస్‌కి. పొడవాటి దాని మీద నైట్రస్ ఎప్పుడూ వెలిగించొద్దు, మంట వెనక్కి లోపలికి పేలుతుంది. డ్రెయిన్ ట్రాప్‌లో నీళ్ళు ఉన్నాయో లేదో ముందు చూడండి. ఎసిటిలీన్ సిలిండర్‌లో వాయువు అసిటోన్‌లో కరిగి ఉంటుంది, ప్రెజర్ బాగా పడిపోతే అసిటోన్ కూడా లైన్లోకి వచ్చేస్తుంది, కాబట్టి సిలిండర్ చివరి దాకా వాడకుండా ముందే మార్చండి. ఎసిటిలీన్‌కి రాగి గొట్టం వాడకూడదు.

మంట సుమారు 2700 డిగ్రీలు ఉంటుంది కాబట్టి ఫాస్ఫేట్ బాధ దాదాపు పోతుంది. కానీ అంత వేడిలో కాల్షియం ఎలక్ట్రాన్ పోగొట్టుకుని అయాన్ అయిపోతుంది, అయాన్ 422.7ని తాగదు. అందుకని అన్నిటిలోనూ పొటాషియం క్లోరైడ్ గానీ సీజియం క్లోరైడ్ గానీ కలపండి, లీటరుకి 2 గ్రాముల పొటాషియం ఉంటే సరిపోతుంది. సరైన మంటలో చీలిక పైన గులాబీ ఎరుపు ఈక లాంటిది నిలబడుతుంది. అది కిందికి తగ్గిపోతుంటే ఎసిటిలీన్ చాలడం లేదని అర్థం. చీలిక మీద నల్లగా కార్బన్ పేరుకుంటే మంట ఆపి, బర్నర్ చల్లారాక గీకండి.

వెలిగించేటప్పుడు ముందు ఎయిర్-ఎసిటిలీన్‌తో వెలిగించి, ఎసిటిలీన్ పెంచి, అప్పుడు నైట్రస్‌కి మార్చాలి. ఆపేటప్పుడు కూడా అంతే. ముందు తిరిగి ఎయిర్‌కి రండి, ఆ తర్వాతే ఎసిటిలీన్ కట్టేయండి. మీ మెషిన్‌లో ఇది ఆటోమేటిక్ అయినా, మొదటిసారి నైట్రస్ నడిపిన మనిషిని పక్కన పెట్టుకునే వెలిగించండి.